256జీ అంటే స్టోరేజ్ కాదు: ఫోన్ క్రాష్ డిటెక్షన్ వెనక ఉన్న ఇంటర్ ఫిజిక్స్

2022 సెప్టెంబర్‌లో ఐఫోన్ 14 సిరీస్ లాంచ్ అయినప్పుడు అందరి కళ్లూ కెమెరా మీదా, ప్రో మోడల్స్‌లో వచ్చిన డైనమిక్ ఐలాండ్ మీదా ఉన్నాయి. ఆ హడావిడిలో ఒక చిన్న స్పెక్‌ని చాలామంది స్క్రోల్ చేసేశారు: 256జీ వరకు కొలవగల యాక్సెలెరోమీటర్.

ఇక్కడ జీ అంటే గిగాబైట్ కాదండీ. భూమి ఆకర్షణ వల్ల కింద పడే వస్తువుకి వచ్చే త్వరణం. ఒక్క సెకనులో వేగం సెకనుకు 9.8 మీటర్ల మేర మారితే అది 1జీ. గట్టి రోలర్ కోస్టర్ ఎక్కినా మన ఒంటికి తగిలేది 4, 5జీ దాకానే. మరి జేబులో పెట్టుకునే ఫోన్‌కి 256జీ కొలిచే సెన్సర్ ఎందుకు?

సమాధానం క్రాష్ డిటెక్షన్ అనే ఫీచర్‌లో ఉంది. ఆ ఫీచర్ ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే మనం ఎంసెట్ కోసం బట్టీ పట్టి, రిజల్ట్ రాగానే మర్చిపోయిన ఒక ఫార్ములా దగ్గరికి వెళ్లాలి. అదే మొమెంటమ్ కన్జర్వేషన్. తెలుగు మీడియం వాళ్లకి ద్రవ్యవేగ నిత్యత్వ నియమం. ఇది అర్థమైతే ఫోన్ స్పెక్ ఒక్కటే కాదు, రోడ్డు మీద ఎవరికి ఎంత దెబ్బ తగులుతుందో కూడా లెక్కేసి చెప్పొచ్చు.

ముందు క్యారమ్ బోర్డు

మొమెంటమ్ అంటే బరువుని వేగంతో గుణిస్తే వచ్చే సంఖ్య (ఫిజిక్స్ సార్లు క్షమించాలి, బరువు అన్న ప్రతిచోటా ద్రవ్యరాశి అనే చదువుకోండి). రెండు వస్తువులు ఢీకొన్నప్పుడు, బయట నుంచి ఇంకెవరూ తోయకపోతే, ఢీకి ముందు ఇద్దరి మొమెంటమ్ మొత్తం ఎంతో, ఢీ తర్వాత కూడా అంతే. ఒకరు పోగొట్టుకున్నది రెండోవాళ్లకి చేరుతుంది. మధ్యలో కమీషన్ ఉండదు.

క్యారమ్ స్ట్రైకర్ 15 గ్రాములు, కాయిన్ 5 గ్రాములు అనుకుందాం. స్ట్రైకర్ వెళ్లి ఆగి ఉన్న కాయిన్‌ని సరిగ్గా మధ్యలో కొట్టింది, రెండూ ఒకే గీత మీద కదులుతున్నాయి. ఢీలో శక్తి ఏమాత్రం వృథా కాకపోతే లెక్క ఇలా వస్తుంది: స్ట్రైకర్ వేగం సగానికి పడిపోతుంది, కాయిన్ మాత్రం స్ట్రైకర్ మొదటి వేగానికి ఒకటిన్నర రెట్ల వేగంతో దూసుకెళ్తుంది. కొట్టిన దానికంటే దెబ్బ తిన్నది స్పీడుగా వెళ్తుందన్నమాట.

చెక్ చేద్దాం. స్ట్రైకర్ మొదటి వేగాన్ని 1 అనుకుంటే, ముందు మొమెంటమ్ 15 × 1 = 15. తర్వాత స్ట్రైకర్‌ది 15 × 0.5 = 7.5, కాయిన్‌ది 5 × 1.5 = 7.5. మొత్తం 15. టాలీ అయింది.

నిజం బోర్డు మీద 'టక్' అని సౌండ్ వస్తుంది, కొంచెం వేడి పుడుతుంది, కాబట్టి కొంత శక్తి పోతుంది. అలాంటి ఒక ఢీలో స్ట్రైకర్ వేగం 0.55, కాయిన్ వేగం 1.35 అయిందనుకోండి. శక్తిలో దాదాపు 9 శాతం పోయినట్టు. మొమెంటమ్ మాత్రం? 15 × 0.55 = 8.25, 5 × 1.35 = 6.75. కలిపితే మళ్లీ 15. ఎనర్జీ లీక్ అవుతుంది, మొమెంటమ్ అవ్వదు. మిగతా ఆర్టికల్ అంతా ఈ ఒక్క ముక్క మీదే నడుస్తుంది.

ఇంకోటి గమనించండి. స్ట్రైకర్ వేగం 0.5 తగ్గితే కాయిన్ వేగం 1.5 పెరిగింది. అంటే మూడు రెట్లు. బరువుల నిష్పత్తి కూడా మూడే. రెండో ఢీలో 0.45, 1.35: అక్కడా మూడే. వేగంలో వచ్చే మార్పు బరువుకి తలకిందులుగా పంచబడుతుంది. తేలికైనవాడికి పెద్ద వాటా. ఈ మార్పుని ఇంజనీర్లు డెల్టా-వీ అంటారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు హైవే మీదకి

1,000 కేజీల హ్యాచ్‌బ్యాక్, 2,000 కేజీల ఎస్‌యూవీ. రెండూ గంటకు 50 కి.మీ. వేగంతో ఎదురెదురుగా వచ్చి ఢీకొని, ఒకదానికొకటి ఇరుక్కుపోయాయి అనుకుందాం.

ఎస్‌యూవీ వెళ్లే దిక్కుని ప్లస్ అనుకుంటే దాని మొమెంటమ్ 2,000 × 50 = 1,00,000. హ్యాచ్‌బ్యాక్‌ది మైనస్ 50,000. మొత్తం 50,000. ఇరుక్కున్నాక మొత్తం బరువు 3,000 కేజీలు, కాబట్టి ఉమ్మడి వేగం సుమారు 16.7 కి.మీ., అదీ ఎస్‌యూవీ వెళ్తున్న దిక్కులోనే.

ఇప్పుడు ఎవరి డెల్టా-వీ ఎంతో చూడండి. ఎస్‌యూవీ 50 నుంచి 16.7కి వచ్చింది: మార్పు 33.3. హ్యాచ్‌బ్యాక్ 50తో ముందుకు వెళ్తున్నదల్లా ఆగి, వెనక్కి 16.7తో నెట్టబడింది: మార్పు 66.7. ఒకే యాక్సిడెంట్, ఒకే స్పీడ్, కానీ చిన్న కారులో ఉన్నవాళ్లకి రెట్టింపు దెబ్బ. కార్లు ఇరుక్కోకుండా కొంచెం బౌన్స్ అయినా ఈ 2:1 మారదు.

"బ్రేక్ వేస్తారు కదా, టైర్ రోడ్డుని పట్టుకుంటుంది కదా, అది బయటి బలమే కదా?" అని డౌట్ రావచ్చు. మంచి డౌటే. కానీ ఢీ అయిపోయేది సుమారు 0.1 సెకనులో. గట్టిగా బ్రేక్ నొక్కినా 0.8జీ దగ్గర ఉంటుంది, అంటే ఆ 0.1 సెకనులో గంటకు 3 కి.మీ. కూడా తగ్గదు. 66.7 ముందు అది లెక్కలోకి రాదు. అందుకే ఢీ జరిగే ఆ కాస్త టైమ్ వరకు మొమెంటమ్ కన్జర్వేషన్‌ని ధైర్యంగా వాడొచ్చు.

నిజం యాక్సిడెంట్లలో వాహనాలు ఓరగా తగులుతాయి, తిరుగుతాయి, పల్టీ కొడతాయి. మన లెక్క ఒకే గీత మీద జరిగే ముఖాముఖి ఢీకి మాత్రమే. కానీ బరువు తక్కువున్నవాళ్లకి మార్పు ఎక్కువ అనే సంగతి అక్కడా మారదు.

50 ప్లస్ 50 వంద కాదు

చాలామంది నమ్మే మాట ఒకటుంది: రెండు కార్లు చెరో 50తో ఢీకొంటే అది 100తో గోడని గుద్దినట్టే అని. ఒకే బరువున్న కార్లయితే ఇది తప్పు. సమానమైన బరువు, సమానమైన వేగం అంటే మొత్తం మొమెంటమ్ సున్నా. రెండూ అక్కడికక్కడే ఆగిపోతాయి. ఒక్కో కారు డెల్టా-వీ 50 మాత్రమే. అంటే 50తో గోడని గుద్దినట్టే.

ఇది తెలిస్తే కార్ల స్టార్ రేటింగ్‌ని కూడా సరిగ్గా చదవగలం. 2023 అక్టోబర్‌లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ ఫ్రంటల్ టెస్ట్‌లో కారుని గంటకు 64 కి.మీ. వేగంతో నలిగే తత్వం ఉన్న ఒక బ్యారియర్‌కి గుద్దిస్తారు. ఆ బ్యారియర్ కదలదు. కాబట్టి ఈ టెస్ట్ దాదాపు మీ కారంత బరువున్న ఇంకో కారుని ఢీకొట్టడం లాంటిది. చిన్న కారుకి 5 స్టార్లు, పెద్ద ఎస్‌యూవీకి 5 స్టార్లు వచ్చాయంటే, అవి రెండూ ఒకదాన్నొకటి ఢీకొంటే సమానంగా తట్టుకుంటాయని కాదు. స్టార్లని ఒకే బరువు తరగతిలోనే పోల్చాలి. మిడ్-రేంజ్ ఫోన్ స్కోర్‌ని ఫ్లాగ్‌షిప్‌తో పోల్చం కదా, అలాగే.

బైక్ లెక్క

మన రోడ్ల మీద ఎక్కువమంది తిరిగేది బైకుల మీద కాబట్టి ఈ లెక్క వేయకుండా వదిలేయలేం. బైక్, రైడర్ కలిపి 180 కేజీలు. లోడుతో ఉన్న లారీ 18,000 కేజీలు. ఇద్దరూ గంటకు 40 కి.మీ.తో ఎదురెదురుగా.

బరువుల నిష్పత్తి 1:100. ఢీ తర్వాత లారీ వేగం సుమారు 39.2. అంటే లారీ డ్రైవర్‌కి తగిలిన మార్పు గంటకు ఒక కిలోమీటర్ కూడా లేదు. బైక్ వైపు మార్పు 79కి పైనే. రైడర్ బైక్‌కి అతుక్కుని ఉండడు కాబట్టి నిజంగా జరిగేది దీనికంటే గజిబిజిగా ఉంటుంది, కానీ పంపకం మాత్రం ఇదే.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44.5 శాతం టూవీలర్ మీద ఉన్నవాళ్లే. దీనికి చాలా కారణాలు ఉన్నాయి. కానీ ఢీ జరిగిన క్షణంలో తేలికైనవాడి పక్షాన ఫిజిక్స్ ఉండదన్నది మాత్రం పై లెక్కే చెప్తోంది.

మరి ఫోన్ ఏం చూస్తుంది?

యాక్సెలెరోమీటర్ చిప్ లోపల సన్నటి సిలికాన్ స్ప్రింగుల మీద వేలాడే ఒక బుల్లి బరువు ఉంటుంది. ఫోన్ ఉన్నట్టుండి కదిలితే ఆ బరువు కొంచెం వెనకబడుతుంది. పక్కనున్న ప్లేట్లకి, దానికి మధ్య దూరం మారి కెపాసిటెన్స్ మారుతుంది. ఆ మార్పే జీ రీడింగ్.

హ్యాచ్‌బ్యాక్ లెక్కకి తిరిగి వద్దాం. 66.7 కి.మీ. అంటే సెకనుకు 18.5 మీటర్లు. అది 0.1 సెకనులో జరిగితే సగటున 19జీ. ఎస్‌యూవీలో 9.4జీ. ఇదంతా 20జీ లోపే ఉంది, మరి 256 ఎందుకు?

ఒక కారణం, 19 అనేది సగటు మాత్రమే. మధ్యలో పీక్స్ చాలా పైకి వెళ్తాయి. రెండో కారణం, ఫోన్ కారుకి బోల్ట్ వేసి బిగించి ఉండదు. కారు ఆగిపోయినా ఫోన్ పాత వేగంతోనే ముందుకి ఎగిరి డ్యాష్‌బోర్డుని గుద్దుకుంటుంది. ఆ రెండో దెబ్బ చాలా తక్కువ టైమ్‌లో అయిపోతుంది కాబట్టి జీ అమాంతం పెరుగుతుంది.

మామూలు ఫోన్లలో వాడే యాక్సెలెరోమీటర్ చిప్స్‌ని సాధారణంగా 2, 4, 8, 16జీ రేంజ్‌లలో ఏదో ఒకదానికి సెట్ చేస్తారు. ఆండ్రాయిడ్ రూల్స్ ప్రకారం కనీసం 4జీ కొలవగలిగితే చాలు. స్క్రీన్ రొటేషన్‌కి, అడుగులు లెక్కపెట్టడానికి అది బోలెడు. కానీ 8జీకి సెట్ చేసిన సెన్సర్‌కి 60జీ తగిలితే అది 8 దగ్గరే ఆగిపోతుంది. మైక్‌లో గట్టిగా అరిస్తే ఆడియో చిరిగిపోయినట్టు వస్తుంది చూడండి, అలాంటి క్లిప్పింగే ఇదీ. దెబ్బ తగిలిందని తెలుస్తుంది, ఎంత తగిలిందో తెలియదు.

ఫోన్ కింద పడితే అంబులెన్స్ ఎందుకు రాదు?

ఇక్కడే అసలు ట్విస్ట్. ఫోన్ 1 మీటర్ ఎత్తు నుంచి టైల్స్ మీద పడిందనుకోండి. నేలని తాకేటప్పుడు వేగం సెకనుకు 4.4 మీటర్లు. ఒక మిల్లీసెకనులో ఆగిందనుకుంటే సుమారు 450జీ! కారు యాక్సిడెంట్ సగటు కంటే ఇరవై రెట్లు ఎక్కువ. కేవలం పీక్ జీ చూసి 112కి కాల్ చేసే యాప్ ఎవరైనా రాస్తే, ఫోన్ చేయి జారిన ప్రతిసారీ ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది.

అందుకే చూడాల్సింది గ్రాఫ్ ఎత్తు కాదు, గ్రాఫ్ కింద ఉన్న వైశాల్యం. కోడ్ రాసేవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఒక లూప్ పెట్టి ప్రతి శాంపిల్‌లోని త్వరణాన్ని శాంపిల్స్ మధ్య టైమ్‌తో గుణించి కూడుతూ పోవాలి. వచ్చే మొత్తమే డెల్టా-వీ. ఫోన్ పడినప్పుడు బౌన్స్ కలుపుకున్నా అది సెకనుకు 4 నుంచి 9 మీటర్ల లోపే. మన హ్యాచ్‌బ్యాక్‌లో 18.5. ఎత్తులో గెలిచిన ఫోన్ డ్రాప్, వైశాల్యంలో ఓడిపోయింది. క్లిప్ అయిన సెన్సర్‌తో ఈ కూడిక చేస్తే సగం వైశాల్యం పోతుంది, లెక్క తప్పుతుంది. 256జీ రేంజ్ అవసరం ఇక్కడ తెలుస్తుంది.

ఇంకో క్లూ కూడా ఉంది. కింద పడే ఫోన్ నేలని తాకేముందు గాల్లో ఉన్నంతసేపు, అంటే 1 మీటర్‌కి సుమారు 0.45 సెకన్లు, యాక్సెలెరోమీటర్ దాదాపు సున్నా చూపిస్తుంది. కారు గుద్దుకునే ముందు అలా ఉండదు.

యాపిల్ ఒక్క యాక్సెలెరోమీటర్ మీదే ఆధారపడలేదు. జైరోస్కోప్, జీపీఎస్ వేగం, మైక్‌లో వినిపించే పెద్ద శబ్దం, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు కారు లోపల మారే గాలి ఒత్తిడిని పట్టే బారోమీటర్, ఇవన్నీ కలిపి నిర్ణయిస్తుంది. పది లక్షల గంటలకు పైగా డ్రైవింగ్, క్రాష్ డేటాతో అల్గారిథమ్‌ని ట్రెయిన్ చేశామని కంపెనీ చెప్పింది. అయినా 2022లో అమెరికాలో రోలర్ కోస్టర్ ఎక్కినవాళ్ల ఫోన్లు, మంచు మీద స్కీయింగ్ చేస్తున్నవాళ్ల ఫోన్లు ఎమర్జెన్సీకి కాల్ చేసేశాయి. కారణం ఊహించొచ్చు: స్పీడ్, సడన్ బ్రేక్, పెద్ద శబ్దం, కాసేపు ఆగకుండా సాగే జీ. గ్రాఫ్ కింద వైశాల్యం అక్కడ నిజంగానే ఎక్కువ. తర్వాత అప్‌డేట్లతో దీన్ని సరిచేస్తూ వచ్చారు.

గూగుల్ ఇంతకంటే ముందే, 2019లో పిక్సెల్ 4తో అమెరికాలో ఈ ఫీచర్ తెచ్చింది. ఇండియాకి 2023 చివర్లో వచ్చింది.

ఫోన్ చేయలేని పని

ఒక సంగతి సూటిగా చెప్పుకోవాలి. క్రాష్ డిటెక్షన్ మీ డెల్టా-వీని కొలుస్తుంది, తగ్గించదు. డెల్టా-వీ ఎంతో బరువులు, వేగాలు ఎప్పుడో తేల్చేశాయి. మన చేతిలో మిగిలింది ఒక్కటే: ఆ మార్పు జరిగే టైమ్‌ని సాగదీయడం.

కారులో బెల్ట్ పెట్టుకుంటే మీరు కారుతో పాటే ఆ 0.1 సెకనులో ఆగుతారు, 19జీ. బెల్ట్ లేకపోతే కారు ఆగిపోయాక కూడా మీరు అదే వేగంతో వెళ్లి డ్యాష్‌బోర్డుని గుద్దుకుని 0.01 సెకనులో ఆగారనుకోండి, సుమారు 190జీ. డెల్టా-వీ అదే, టైమ్ పదో వంతు, దెబ్బ పది రెట్లు.

హెల్మెట్ లెక్క కూడా ఇంతే. తల సెకనుకు 6 మీటర్ల వేగంతో నేలని తాకిందనుకుందాం. నిల్చున్న మనిషి ఎత్తు నుంచి పడితే దాదాపు అంతే ఉంటుంది. హెల్మెట్ లోపలి థర్మోకోల్ లాంటి ఫోమ్ 2.5 సెంటీమీటర్లు నలిగితే సగటున 73జీ. హెల్మెట్ లేకుండా 3 మిల్లీమీటర్లలో ఆగితే 600జీ దాటుతుంది. 20 వేల ఫోన్‌కి వెంటనే కేస్ కొనేది ఇందుకే కదా. మెత్తటి కేస్ కూడా చేసేది ఆగే టైమ్‌ని పెంచడమే.

ఇప్పుడే చేయగలిగేవి

పిక్సెల్ వాడేవాళ్లు పర్సనల్ సేఫ్టీ యాప్ తెరిచి కార్ క్రాష్ డిటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. లొకేషన్, మైక్, ఫిజికల్ యాక్టివిటీ పర్మిషన్లు ఇవ్వకపోతే అది పనిచేయదు. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడల్స్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ సెక్షన్ చూడండి. ఎమర్జెన్సీ కాంటాక్ట్స్ కూడా నింపండి, ఎందుకంటే మెసేజ్ వెళ్లేది వాళ్లకే.

బైక్ మీద తిరిగేవాళ్లకి ముఖ్యమైన మాట: ఈ రెండు ఫీచర్లూ కార్ల కోసం తయారైనవి. బైక్ పడిపోతే పట్టుకుంటుందని గ్యారంటీ లేదు. ఫోన్ జేబులో ఉంది కదా అని ధీమా పడకండి. రైడ్‌కి వెళ్లేముందు లైవ్ లొకేషన్ ఇంట్లో ఎవరికైనా షేర్ చేయడం మేలు.

కారు డ్యాష్‌బోర్డు మీద ఫోన్, పవర్ బ్యాంక్, వాటర్ బాటిల్ విడిగా పడేయకండి. మన హ్యాచ్‌బ్యాక్ ఢీలో అవి గంటకు 60 కి.మీ. పైన వేగంతో ఎగిరే వస్తువులైపోతాయి.

ఇక ఈ ఫిజిక్స్‌ని కళ్లారా చూడాలంటే ఫోన్, క్యారమ్ బోర్డు చాలు. బోర్డుకి పౌడర్ బాగా పట్టించి, ఫోన్‌ని సరిగ్గా పైన నిలబెట్టి, 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్‌లో ఒక స్ట్రెయిట్ షాట్ రికార్డ్ చేయండి. ఢీ అయ్యాక వెంటనే వచ్చే పది ఫ్రేమ్‌లలో స్ట్రైకర్ ఎంత దూరం వెళ్లింది, కాయిన్ ఎంత దూరం వెళ్లింది స్క్రీన్ మీదే స్కేల్ పెట్టి కొలవండి. ఢీకి ముందు పది ఫ్రేమ్‌లలో స్ట్రైకర్ వెళ్లిన దూరం కూడా తీసుకోండి. ఒక్కో దూరాన్ని దాని బరువుతో గుణించి ముందు, తర్వాత మొత్తాలు పోల్చండి. వంటింట్లో డిజిటల్ తూకం ఉంటే బరువులు కూడా నిజంవే పెట్టొచ్చు. బోర్డు రాపిడి వల్ల కొంచెం తేడా వస్తుంది, కానీ రెండు మొత్తాలూ దగ్గర దగ్గరగా రావాలి. రాకపోతే షాట్ స్ట్రెయిట్‌గా పడలేదని అర్థం, ఇంకోసారి కొట్టండి.